పదో నంబరు గొడవ, మూడో నంబరు కరువు

డబ్లిన్‌లో మా ఆఫీసు వంటగదిలో ప్రతి సోమవారం ఉదయం ఒకటే రగ్బీ పంచాయితీ. ఒకవైపు కార్క్ కౌంటీ నుంచి వచ్చిన పెద్దమనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. రెండో వైపు దక్షిణ డబ్లిన్‌లో పుట్టి పెరిగిన పాతికేళ్ల కుర్రాడు. పెద్దాయనకు జాక్ క్రౌలీ దేవుడు. కుర్రాడికి శామ్ ప్రెండర్‌గాస్ట్ దేవుడు. ఇద్దరి చేతుల్లోనూ టీ చల్లారిపోతూ ఉంటుంది. మధ్యలో నేను ఫ్రిజ్‌లో పెరుగన్నం డబ్బా సర్దుకుంటూ, ఒకప్పుడు మా ఊరి టీ కొట్టు దగ్గర ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు ఎలా కొట్టుకునేవారో మా నాన్న చెప్పిన కథలు గుర్తు చేసుకుంటాను.

రగ్బీలో పదో నంబరు చొక్కా తొడిగేవాణ్ణి ఫ్లై హాఫ్ అంటారు. బంతిని ఎప్పుడు తన్నాలి, ఎప్పుడు పక్కవాడికి అందించాలి, దాడి ఎటువైపు మళ్లాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. ఐర్లండ్‌కు చాలా ఏళ్లు ఆ పని చేసిన జానీ సెక్స్‌టన్ 2023 ప్రపంచకప్‌తో 38 ఏళ్ల వయసులో ఆట మానేశాడు. 2024 సిక్స్ నేషన్స్‌లో, అంటే ఐరోపాలో ఆరు దేశాలు ఏటా ఆడుకునే పోటీలో, ఆ చొక్కా క్రౌలీకి దక్కింది, కప్పు కూడా ఐర్లండ్‌కే దక్కింది. ఆ ఏడాది నవంబరులో ప్రెండర్‌గాస్ట్ వచ్చాడు, 2025 సిక్స్ నేషన్స్‌లో ఎక్కువ మ్యాచ్‌లకు మొదటి పదిహేనుమందిలో పదో నంబరుగా దిగింది అతనే. ఇక గొడవకు అంతు లేదు. క్రౌలీ మన్‌స్టర్ మనిషి, ప్రెండర్‌గాస్ట్ లెన్‌స్టర్ మనిషి కాబట్టి, ఆట మాట ఎలా ఉన్నా, రెండు ప్రాంతాల పాత కక్షలు కూడా ఇందులో తీరుతున్నాయి.

నేను ఈ ఊరికి వచ్చి పన్నెండేళ్లు దాటింది. వచ్చిన కొత్తలో రగ్బీ అంటే బంతి కోసం కుస్తీ అనుకున్నాను. మా అబ్బాయిని దగ్గర్లో ఉన్న క్లబ్బులో చేర్చాక, ఆదివారాలు బురదలో నిలబడీ నిలబడీ, ఆట ఎక్కింది. ఇప్పుడు నాకూ ఒక అభిప్రాయం ఉంది. ఆ వంటగదిలో ఇద్దరికీ అది నచ్చదు. 2027 ప్రపంచకప్‌లో ఐర్లండ్ ఎంత దూరం పోతుందన్నది పదో నంబరు తేల్చే విషయం కాదు. మూడో నంబరు ఎక్కణ్ణుంచి వస్తాడు, అతను వచ్చే దారి తెరిచి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఈ దేశం గుండెలో ముల్లు సంగతి చెప్పాలి. ఐర్లండ్ ప్రపంచకప్‌లో ఇంతవరకూ ఒక్క క్వార్టర్ ఫైనల్ కూడా గెలవలేదు. ఎనిమిది ఆడింది, ఎనిమిదీ ఓడింది. 1991లో సొంత గడ్డమీద, లాన్స్‌డౌన్ రోడ్డులో, ఆస్ట్రేలియా చేతిలో 19-18తో పోయింది. 2015లో అర్జెంటీనా, 2019లో న్యూజీలండ్ చితకబాదాయి. 1999లో అయితే క్వార్టర్స్‌కు ముందు పెట్టిన అదనపు మ్యాచ్‌లోనే అర్జెంటీనా చేతిలో 28-24తో ఇంటికి వచ్చేసింది. 2023లో పారిస్‌లో న్యూజీలండ్ చేతిలో ఓడిన స్కోరు? అదీ 28-24. జాతకాలు నమ్మేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి.

ఆ పారిస్ మ్యాచ్ నాటికి ఐర్లండ్ ప్రపంచంలో మొదటి ర్యాంకు జట్టు. వరసగా 17 మ్యాచ్‌లు గెలిచి ఉంది. అంతకుముందు ఏడాది న్యూజీలండ్ వెళ్లి, వాళ్లింట్లో వాళ్లను మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో 2-1తో ఓడించి వచ్చింది. అదే టోర్నీ గ్రూపు దశలో, తర్వాత కప్పు ఎత్తబోయే దక్షిణాఫ్రికానే 13-8తో కొట్టింది. చివరి నిమిషాల్లో నాలుగు పాయింట్ల వెనకబాటు. బంతి చేతిలో పట్టుకుని 37 విడతలు దాడి చేసింది. ఒకడు దూకడం, పడిపోవడం, బంతి వెనక్కి రావడం, ఇంకొకడు దూకడం. మా ఇంట్లో టీవీ ముందు లెక్క పెడుతున్న మా అబ్బాయి ఇరవై దాటాక లెక్క మానేసి నా చెయ్యి పట్టుకున్నాడు. అన్ని విడతల తర్వాత శామ్ వైట్‌లాక్ బంతి మీద వాలాడు, విజిల్ న్యూజీలండ్ వైపు మోగింది. ఎదురు శిబిరంలో సహాయ శిక్షకుడిగా కూర్చుని చూస్తున్నది జో ష్మిట్, ఒకప్పుడు ఐర్లండ్‌కే కోచ్.

ఆ 37 విడతల్లో తప్పేమీ లేదు. పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. నాకు మాత్రం అది చూస్తుంటే నా ఇంటర్మీడియట్ గుర్తొచ్చింది.

నేను విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. పేరెందుకు, అన్నీ ఒకటే. తెల్లవారుజామున స్టడీ అవరు, ప్రతి వారం పరీక్ష, వచ్చిన మార్కులను బట్టి సెక్షను మార్పు. గత పదేళ్ల ప్రశ్నపత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. ర్యాంకులు దండిగా వచ్చేవి, అది అబద్ధం కాదు. పత్రంలో ఎవరూ చూడని మలుపు ఒకటి వస్తే మాత్రం హాలులో అందరం ఒకేచోట ఆగిపోయేవాళ్లం. అందరికీ నేర్పింది ఒక్కరే కదా. అందరికీ తెలిసింది ఒకటే, తెలియనిదీ ఒకటే.

ఐర్లండ్ రగ్బీని నడిపేది అచ్చం అలాంటి యంత్రమే. దక్షిణ డబ్లిన్ చుట్టుపక్కల ఫీజు కట్టి చదివే బడులు కొన్ని ఉన్నాయి. బ్లాక్‌రాక్ కాలేజీ, సెయింట్ మైకేల్స్ లాంటివి. ఇక్కడ కాలేజీ అంటే హైస్కూలే. వీటి మధ్య జరిగే లెన్‌స్టర్ సీనియర్ కప్ 1887 నుంచి నడుస్తోంది; అందులో బ్లాక్‌రాక్ ఒక్కటే దాదాపు 70 సార్లు గెలిచింది. పదిహేనేళ్ల పిల్లవాడికి జిమ్ము, ఆహారపు లెక్క, వీడియో చూసి తప్పులు దిద్దుకోవడం అన్నీ అక్కడే అలవాటవుతాయి. బడి నుంచి లెన్‌స్టర్ అకాడమీ, అకాడమీ నుంచి లెన్‌స్టర్ జట్టు, అక్కణ్ణుంచి ఐర్లండ్ పచ్చ చొక్కా. పారిస్‌లో న్యూజీలండ్ మీద మొదట బరిలోకి దిగిన పదిహేనుమందిలో పదిమంది లెన్‌స్టర్ వాళ్లు. మిగిలిన మూడు ప్రాంతాలు, అంటే మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్ కలిసి ఇచ్చింది ఐదుగురిని. ఇప్పటి కెప్టెన్ కేలన్ డోరిస్ పడమటి కొసన మాయో కౌంటీ పిల్లవాడు. అతను చదివింది డబ్లిన్ బ్లాక్‌రాక్‌లోనే. శ్రీకాకుళం పిల్లవాణ్ణి విజయవాడ హాస్టల్లో దింపి వచ్చే తండ్రుల్ని చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

మా ఆఫీసు కుర్రాడు ఇక్కడే నన్ను ఆపుతాడు. "ఇరుకుగా ఉంది కాబట్టే నడుస్తోంది. పదిహేనేళ్లప్పటి నుంచి ఒకరితో ఒకరు ఆడినవాళ్లు, కళ్లు మూసుకుని పాస్ ఇవ్వగలరు. ఇంత చిన్న దేశానికి ఇంకో దారి ఏముంది?" ఒప్పుకుంటాను. ఉత్తరం, దక్షిణం కలిపి దీవి మొత్తం జనాభా డెబ్భై లక్షల పైచిలుకు, మన హైదరాబాద్ నగరమంత కూడా లేదు. అందులోనూ మొదటి ఆట రగ్బీ కాదు. గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్, సాకర్ పిల్లల్ని ముందే తీసుకుపోతాయి. మిగిలిన కొద్దిమందిని ఒకచోట పోగేసి సానపట్టడం తెలివైన పనే. 2022లో న్యూజీలండ్‌లో సిరీస్ గెలిపించింది ఆ ఒద్దికే. నేను యంత్రాన్ని తప్పు పట్టడం లేదు. ఆ యంత్రానికి కనబడనివాళ్లు ఎటు పోవాలి అంటున్నాను.

మూడో నంబరు సంగతి ఇక్కడే వస్తుంది. రగ్బీ తెలియనివాళ్ల కోసం కొంచెం ఆగి చెబుతాను. స్క్రమ్ అంటే ఎనిమిదిమంది, ఎనిమిదిమంది తలలు ఇరికించుకుని తోసుకోవడం. ముందు వరుసలో ముగ్గురు ఉంటారు. ఎడమవాడి తల బయటివైపు ఖాళీగా ఉంటుంది, అందుకే లూజ్‌హెడ్ అంటారు. కుడివాడు మూడో నంబరు, టైట్‌హెడ్. అతని తల ఎదుటి ఇద్దరి మధ్య ఇరుక్కుంటుంది. అంటే ఇద్దరి బరువూ అతని మెడ మీదే. మా తాతగారికి తెనాలి దగ్గర పల్లెలో ఎడ్లుండేవి. కుడివైపు కట్టేది వలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. కోడెగా ఉన్నప్పుడే ఏది ఎటు లాగుతుందో చూసి కాడికి అలవాటు చేసేవారు. ఒకసారి కుదిరాక పక్క మార్చితే ఎద్దు తికమకపడుతుంది, చాలు వంకరపోతుంది. ఐర్లండ్‌లో ఆండ్రూ పోర్టర్ అనే బలశాలి దాపటవాడిగా మొదలయ్యాడు. కుడివైపు మనిషి కావాలని అతణ్ణి అటు కట్టారు. 2021లో మళ్లీ ఎడమవైపు తెచ్చారు. రెండువైపులా అతను నెట్టుకొచ్చాడంటే అది అతని గొప్ప. అసలు అలా మార్చాల్సి రావడమే కరువుకు గుర్తు.

పదో నంబరు ప్రతిభ పద్దెనిమిదేళ్లకే కనిపిస్తుంది. బడి కప్పు ఫైనల్లో బంతి తన్నే తీరు చూసి ఎవరైనా చెప్పగలరు. మూడో నంబరు అలా కాదు. మెడ, నడుము గట్టిపడి, ఎదుటివాడి ఎత్తులన్నీ ఒంటికి తెలిసేసరికి ఇరవై ఆరో ఇరవై ఏడో వస్తాయి. పద్దెనిమిదేళ్లకే కప్పు గెలవాలనే బడికి ఆ నెమ్మది పంట అక్కర్లేదు. ఆ బడులు మూడో నంబర్లను తయారు చేయవని కాదు గానీ, ఈ తరంలో ఐర్లండ్‌కు దొరికిన అసలైన వలపటెద్దు మాత్రం ఆ బడుల నుంచి రాలేదు. టైగ్ ఫర్లాంగ్ వెక్స్‌ఫర్డ్ కౌంటీలో క్యాంపైల్ అనే పల్లె పిల్లవాడు. పొలం ఇల్లు, న్యూ రాస్ అనే చిన్న ఊరి క్లబ్బు. (ఇంగ్లిషు అక్షరాల్లో ఆ పేరు రాసే తీరు చూసి రెండేళ్లు నేను 'టాధ్గ్' అన్నాను. ఎవరూ దిద్దలేదు. ఐరిష్ మర్యాద అలాంటిది.) 2027 ప్రపంచకప్ ఫైనల్ నవంబరు 13న. ఆ మర్నాడే ఫర్లాంగ్‌కు 35 నిండుతాయి. అతనికి అండగా ఇన్నాళ్లూ వచ్చిన ఫిన్లే బీలమ్ అతనికంటే ఒక ఏడాది పెద్ద, పుట్టింది ఆస్ట్రేలియాలో. వెనక కుర్రాళ్లు లేరని కాదు, ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఇద్దరి బరువు మోసిన మెడ ఉందా అంటే నాకు నమ్మకం చాలదు.

ఆ నమ్మకం పోయిన రోజు కూడా చెప్పగలను. 2025 నవంబరు 22, డబ్లిన్‌లో అవీవా స్టేడియం, ఎదురుగా దక్షిణాఫ్రికా. టికెట్టు కోసం ఆరు వారాల ముందు నుంచీ తంటాలు పడ్డాను. సాధారణంగా అక్కడ స్క్రమ్ అంటే జనానికి తీరిక దొరికినట్టు. కబుర్లు, ఫోన్లు, బీరు కోసం లేవడం. ఆ సాయంత్రం రెండో స్క్రమ్ తర్వాత ఎవరూ లేవలేదు. రిఫరీ చెయ్యి ఎత్తి స్క్రమ్ అనగానే నా ముందు వరుసలో ఒక ముసలాయన ఉన్ని టోపీ తీసి రెండు చేతుల్లో నలపడం మొదలుపెట్టేవాడు. పచ్చ చొక్కాల వరుస వెన్ను వంగేది, ఒక మోకాలు జారేది, మొత్తం మడత కుర్చీలా ముడుచుకునేది. విజిల్. ఆయన టోపీ మళ్లీ పెట్టుకునేవాడు. ఒక దశలో తప్పు చేసినవాళ్లను బయట కూర్చోబెట్టే కార్డులు పడీ పడీ ఐర్లండ్‌కు మైదానంలో పన్నెండుమందే మిగిలారు. 24-13. 2012 తర్వాత దక్షిణాఫ్రికా డబ్లిన్‌లో గెలవడం అదే మొదటిసారి. నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ రోజు స్క్రమ్ తప్పులకు పసుపు కార్డులు చూసిన పోర్టర్, పాడీ మెకార్తీ ఇద్దరూ ఎడమవైపువాళ్లు. కాబట్టి అంతా మూడో నంబరు పాపమే అనను. ముందు వరుస మొత్తానికే కరువు, అందులో కుడివైపు మరీ కరువు.

సోమవారం వంటగదిలో వాదన దేని మీద జరిగిందో ఊహించండి. ప్రెండర్‌గాస్ట్, క్రౌలీ ఇద్దరికీ ఆ రోజు పసుపు కార్డులు వచ్చాయి కదా, ఎవరిది పెద్ద తప్పు అని.

ఇప్పుడు పక్క తలుపుల సంగతి. పెద్ద గేటులోంచి రాని ఆటగాళ్ల పేర్లు తీస్తే ఐర్లండ్ గొప్ప రోజుల్లో సగం ఖాళీ అయిపోతుంది. ఫర్లాంగ్ చెప్పాను. అతనికి ముందు షాన్ ఓబ్రయన్, కార్లో కౌంటీలో టలో అనే ఊరి రైతు బిడ్డ. స్క్రమ్ రెండో వరుసలో ఆడే టైగ్ బర్న్ కథ ఇంకా వింత. లెన్‌స్టర్ అతణ్ణి వద్దనుకుంది. వేల్స్ వెళ్లి స్కార్లెట్స్ జట్టుతో 2017లో లీగ్ గెలిచి, తిరిగొచ్చి మన్‌స్టర్‌లో చేరి, జాతీయ జట్టులో కదలని రాయి అయ్యాడు. పెద్ద గేటు కాపలాదారు తిప్పి పంపిన మనిషి అతను. బండీ అకీ, జేమ్స్ లో, జేమిసన్ గిబ్సన్-పార్క్ న్యూజీలండ్‌లో పుట్టి, ఇక్కడ మూడేళ్లు ఉండి అర్హత సంపాదించినవాళ్లు. ఆ మూడేళ్ల గడువును తర్వాత ఐదేళ్లకు పెంచారు. 2027కి ఈ ముగ్గురూ ముప్ఫై ఐదు, ఆ పైన. ఆ తలుపు పూర్తిగా కాకపోయినా ముప్పాతిక మూసుకుంది.

ఇంకో తలుపును ఐరిష్ రగ్బీ సంఘం స్వయంగా మూసింది. హ్యూగో కీనన్ బ్లాక్‌రాక్ పిల్లవాడే అయినా, బడి కాలంలో అతణ్ణి రాబోయే తార అని ఎవరూ అనలేదు. ఏడుగురి ఆటలో, అదే సెవెన్స్‌లో, దేశాలు తిరిగి పరుగులో, ఒంటరి పోరులో ఆరితేరి వచ్చాడు. వచ్చాక పదిహేనో నంబరు చొక్కాను ఇంకొకరికి వదల్లేదు. 2025 మేలో మగవాళ్ల సెవెన్స్ జట్టును ఆ సీజనుతో ఆపేస్తున్నట్టు సంఘం ప్రకటించింది. డబ్బు కారణం, అర్థం చేసుకోగలను. విచిత్రమేమిటంటే, సరిగ్గా ఆ మరుసటి నెలలో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది, సెవెన్స్ పద్ధతిలోనే. హైదరాబాద్ హీరోస్ అని మనకూ ఒక జట్టు. ఊళ్లో ఉన్న మా తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, మీ దగ్గర ఈ ఆట బాగా ఆడతారట కదా, వాళ్ల ఏడుగురి జట్టు ఎలా ఉంటుంది?" అన్నాడు. మొన్నటిదాకా బాగానే ఉండేది అన్నాను.

దీనికి పెద్దాయన చేసే ఆక్షేపణ గట్టిది. దక్షిణాఫ్రికా కూడా పేరున్న బడుల మీదే నడుస్తుంది కదా, బ్లూమ్‌ఫాంటీన్‌లోని గ్రే కాలేజీ, పార్ల్ ఊరి బడులు, వాటి సంగతేమిటి అంటాడు. నిజమే. వాళ్ల కెప్టెన్ సియా కొలిసి పేద బస్తీలో పుట్టి, స్కాలర్‌షిప్ మీద పెద్ద బడిలో చేరినవాడే. అయితే అక్కడ అలాంటి బడులు ఒక నగరం చుట్టూ గుమిగూడి లేవు, ఆరు కోట్ల దేశమంతా చెదిరి ఉన్నాయి. పైగా పక్క తలుపు కూడా ఉంది. 2019 ప్రపంచకప్ ఫైనల్లో ట్రై కొట్టిన, అంటే బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకు ఆనించిన, మకజోలె మపింపి ఏ పెద్ద రగ్బీ బడిలోనూ చదవలేదు. ఈస్టర్న్ కేప్ పల్లె నుంచి చిన్న జట్ల మీదుగా మెట్టు మెట్టు ఎక్కి, దేశం తరఫున తొలి మ్యాచ్ ఆడేసరికి అతనికి 27 ఏళ్లు. మన దగ్గర 27 ఏళ్లకు తొలి మ్యాచ్ ఆడే పల్లెటూరి మనిషి కోసం ఎవరైనా ఎదురుచూస్తారా అని అడిగాను. మన దగ్గర అనేశానని తర్వాత గమనించాను. పెద్దాయన కూడా గమనించి నవ్వాడు.

2027లో పోటీ ఆస్ట్రేలియాలో, 24 జట్లు, అక్టోబరు 1 నుంచి. ఐర్లండ్ గ్రూపులో స్కాట్లండ్, ఉరుగ్వే, పోర్చుగల్. స్కాట్లండ్‌తో ఒకే గ్రూపులో పడడం ఇది వరసగా మూడోసారి. 2019, 2023 రెండుసార్లూ ఐర్లండే గెలిచింది. కాబట్టి గ్రూపు గురించి నాకు బెంగ లేదు. ఈసారి క్వార్టర్స్‌కు ముందు పదహారు జట్ల దశ ఒకటి చేర్చారు. అదనపు మ్యాచ్ అనగానే 1999 గుర్తున్నవాళ్లు మౌనంగా అయిపోతున్నారు. నా లెక్క ఇది: బరువైన స్క్రమ్ లేని జట్టు ఎదురైతే ఐర్లండ్ ఈసారి ఆ పాత శాపం తెంచుకోగలదు, ఇద్దరు పదో నంబర్లలో ఎవరు ఆడినా సరే. ఫ్రాన్సో దక్షిణాఫ్రికానో ఎదురుపడితే మళ్లీ 37 విడతల దాకా కూడా పోదు. బంతి చేతికి వస్తే కదా విడతలు లెక్కపెట్టేది.

నిరుడు చలికాలంలో మా అబ్బాయి జట్టుతో కార్లో వైపు ఒక చిన్న ఊరికి వెళ్లాను. మైదానం పక్కనే గొర్రెలు. ఆ ఊరి జట్టులో మూడో నంబరు కుర్రాడికి పదహారేళ్లు ఉంటాయి, జెర్సీ నడుము దగ్గర చాలక పైకి పోతోంది. పరుగు అంతంత మాత్రం. కానీ స్క్రమ్ పడ్డప్పుడు అతని బూట్లు చూశాను. వెనక కాలు మడమ నేలలోకి దిగి అక్కడే ఉండిపోయింది. మావాళ్లు ఎనిమిదిమంది తోస్తుంటే అతని వీపు బల్లలా ఉంది, ఒక్క అంగుళం కదల్లేదు. మూడు స్క్రమ్‌ల తర్వాత మా వైపు ముందు వరుస ఎడమవాడు ఏడుపు ముఖంతో మోకాళ్లమీద కూర్చున్నాడు. ఆట అయిపోగానే ఆ కుర్రాడు స్నానం కూడా చేయకుండా, బురద బూట్లతోనే తండ్రి వ్యాను ఎక్కాడు. పాలు పితికే వేళవుతోందట.

గట్టు మీద లెన్‌స్టర్ కోటు వేసుకున్న ఒకాయన చేతిలో పుస్తకంతో ఉదయం నుంచీ నిలబడి ఉన్నాడు. ఆ ఊరి కోచ్‌ను అడిగాను, మీ మూడో నంబరును చూడటానికి వచ్చారా అని. కాదట. మా పదో నంబరును చూడటానికి వచ్చారట.